మిన్నెసోటాలో గడ్డి మైదానం, సరస్సు రెండూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఏది? (అత్తయ్య, మామయ్య, ఇద్దరు పిల్లలతో మొదటిసారి)

తెనాలి_కోడలు

అందరికీ నమస్కారం. మేం ఈడెన్ ప్రెయిరీలో ఉంటాం. ఆరేళ్లయింది వచ్చి. ఊరి పేరులోనే ప్రెయిరీ (అంటే గడ్డి మైదానం) ఉంది గానీ ఇన్నేళ్లలో నేను చూసిన గడ్డంతా అపార్ట్‌మెంట్ వాళ్లు వారం వారం మిషన్‌తో కొట్టించేదే.

మే నెలలో మా అత్తయ్య, మామయ్య వస్తున్నారు, అక్టోబరు దాకా ఉంటారు. మామయ్య గారు జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి, పోయినసారి వచ్చినప్పుడు మాల్ ఆఫ్ అమెరికా చూపిస్తే మర్యాదకి బాగుందన్నారు, అంతే. ఈసారి ఫోన్లో ఆయనే అడిగారు, "ఇక్కడ కనుచూపు మేర గడ్డి మైదానాలుంటాయంటారు కదమ్మా, అవి ఎక్కడ?" అని. మా వాడికి తొమ్మిదేళ్లు, వాడికి సరస్సులో ఈత కొట్టాలి. చిన్నదానికి ఆరు, దానికి కారు పడదు, మూడు గంటలు దాటితే ఇక కవర్లు పట్టుకుని కూర్చోవాల్సిందే. అత్తయ్య గారికి మోకాళ్ల నొప్పి, నేల మీద కూర్చుంటే లేపడానికి ఒకరు కావాలి. మా ఆయన టెంట్‌లో పడుకోవడం సంగతి అటుంచి, టెంట్‌ని దగ్గర నుంచి చూసింది కూడా దుకాణంలోనే. ఇదీ మా టీము.

సిబ్లీ, గ్లేషియల్ లేక్స్, లేక్ కార్లోస్, బ్లూ మౌండ్స్, ఇటాస్కా. ఈ ఐదు స్టేట్ పార్కులు రాసుకున్నా. ఇవి కాక ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్ కూడా చూశాం, స్విమ్మింగ్ పూల్, మినీ గోల్ఫ్, వైఫై అన్నీ ఉన్నాయట, "లేక్ వ్యూ" అని కూడా రాశారు. మా ఆయన ఓటు దానికే.

మాతో పాటు స్నేహితుల కుటుంబం కూడా వస్తామంటున్నారు, వాళ్లు నలుగురు. మొత్తం పది మంది. ఏ పార్కు బాగుంటుంది, ఏ నెలలో వెళ్లాలి, టెంటా క్యాబినా, కొంచెం వివరంగా చెప్పండి. "అన్నీ బాగుంటాయి" అని మాత్రం చెప్పకండి ప్లీజ్, ఆ మాట ఆఫీసులో పది మంది చెప్పారు.

మేకులు_సుత్తి

అమ్మా, పదకొండేళ్లుగా ప్రతి వేసవీ రెండు మూడుసార్లు వెళ్తున్నాం, ఆ అనుభవంతో చెప్తున్నా. పార్కు ఏదా అని తర్వాత ఆలోచించుకోవచ్చు, ముందు సైటు, అంటే టెంట్ వేసుకోవడానికి ఇచ్చే చోటు, చూడడం నేర్చుకోండి. ఒకే పార్కులో 12వ నంబరులో స్వర్గం, 15వ నంబరులో నరకం ఉంటాయి. రెండింటికీ అద్దె ఒకటే.

మా మొదటి ఏడాది కథ చెప్తా. పడమటి మిన్నెసోటాలో ఒక పార్కు, పేరు వద్దులే, తప్పు పార్కుది కాదు నాది. బుకింగ్ పేజీలో ఫొటో చూసి గుట్ట మీద చివరి సైటు తీసుకున్నా, చుట్టూ ఒక్క చెట్టు లేదు, ఎటు చూసినా గడ్డే, సూర్యాస్తమయం మాత్రం చెప్పలేను అంత బాగుంది. ఆకాశంలో మబ్బు తునక లేదు కదా అని పన్నెండు మేకులు కొట్టాల్సిన టెంట్‌కి నాలుగే కొట్టా. రాత్రి ఒంటిగంటకి పడమటి నుంచి గాలి లేచింది. టెంట్ గోడ వచ్చి మొహానికి తగులుతోంది, పోల్ విల్లులా వంగి నా చేతుల్లో వణుకుతోంది, నేను దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని మోకాళ్ల మీద ఉన్నా, మా ఆవిడ పిల్లల్ని దుప్పట్లతో సహా ఎత్తుకుని కార్లోకి పరిగెత్తింది. ఇరవై నిమిషాలకి వాన. తెల్లారి చూస్తే టెంట్ పైకవరు రెండు సైట్ల అవతల ముళ్లపొదకి చుట్టుకుని ఉంది. నా ఐడీ పేరు అప్పుడు పుట్టిందే.

కాబట్టి ప్రెయిరీ చూడ్డానికి మైదానంలోకి వెళ్లండి, పడుకోవడానికి మాత్రం చెట్ల కిందికి రండి. ఈ పార్కుల్లో క్యాంప్‌గ్రౌండ్లు చాలా వరకు సరస్సు పక్కన ఓక్ చెట్ల నీడలోనే ఉంటాయి. పాత రోజుల్లో మైదానాన్ని ఎప్పటికప్పుడు మంటలు తినేస్తుంటే నీళ్ల పక్కన, వాలుల్లో మాత్రమే చెట్లు బతికాయి. మ్యాపులో పడమటి వైపు చెట్లున్న సైటు వెతకండి. జూన్ చివర్లో అక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిది దాటాక గానీ దిగడు, పడమటి ఎండ నేరుగా కొడితే అప్పటిదాకా టెంట్ ఇడ్లీ పాత్రలాగే ఉంటుంది. పల్లంలో ఉన్న సైటు వద్దు, వాన వస్తే నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. బాత్రూం బిల్డింగు దగ్గరగా ఉండాలి గానీ మరీ పక్కనే వద్దు, రాత్రంతా తలుపు చప్పుడు, లైటు. మధ్యలో రెండు మూడు సైట్లుంటే సరి. రిజర్వేషన్ పేజీలో సైటు నంబరు మీద నొక్కితే చాలావాటికి ఫొటో, నీడ ఎంత, నేల వాలుగా ఉందా అన్నీ వస్తాయి, ఒక పూట కూర్చుని చూడండి.

పది మంది అన్నారు. స్టేట్ పార్కుల్లో మామూలు సైటుకి ఆరుగురే, కాబట్టి పక్కపక్కన రెండు సైట్లు తీసుకోవాలి. గ్రూప్ క్యాంప్ అని వేరే ఉంటుంది గానీ చాలాచోట్ల అది సౌకర్యాలకి దూరంగా ఉంటుంది, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దావిడతో వద్దు.

మీ లిస్టు సంగతి. ఇటాస్కా కొట్టేయండి. మిసిసిపీ నది పుట్టిన చోటు, 1891లో పెట్టిన పార్కు, రాష్ట్రంలో అన్నిటికంటే పాతది, చూడాల్సిందే, కాదనను. కానీ అది పైన్ అడవి, గడ్డి మైదానం కాదు, మీ మూడు గంటల్లో వచ్చేదీ కాదు. లేక్ కార్లోస్ సరస్సు చాలా లోతు, నీళ్లు బాగుంటాయి, అలెగ్జాండ్రియా దగ్గర కదా, వారాంతంలో మోటారు బోట్ల మోత. మిగిలినవి సిబ్లీ, గ్లేషియల్ లేక్స్. సిబ్లీ సులువు, రెండు గంటల దారి, లేక్ ఆండ్రూ ఒడ్డున బీచ్, మౌంట్ టామ్ మీద రాతి బురుజు ఉంది, ఎక్కితే ఒక పక్క అడవి, ఇంకో పక్క పొలాలు కనిపిస్తాయి. అందులో లేక్‌వ్యూ అనే క్యాంప్‌గ్రౌండ్ సరస్సు దగ్గర, ఓక్ రిడ్జ్ అనేది దూరం, కంగారులో అది బుక్ చేసేరు. కానీ మామయ్య గారు అడిగింది కనుచూపు మేర మైదానం. దానికి గ్లేషియల్ లేక్సే, స్టార్‌బక్ అనే చిన్న ఊరి పక్కన. (కాఫీ షాపు కాదు, ఊరి పేరే అది.) నా ఓటు దానికి.

దున్నపోతు_దర్శనం

బ్లూ మౌండ్స్‌ని ఎవరూ పట్టించుకోరేంటి? 1961 నుంచి బైసన్ల (అమెరికా అడవి దున్నల) మంద ఉంది అక్కడ, వంద అడుగుల ఎర్రరాతి కొండ అంచు, దాని మీద ముళ్ల కాక్టస్ కూడా మొలుస్తుంది, మిన్నెసోటాలో కాక్టస్ ఏంటి అని మా నాన్న పది నిమిషాలు అక్కడే కూర్చున్నారు. రాళ్ల వరస ఒకటి ఉంది, దాదాపు 1,250 అడుగుల పొడవు, పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఆ వరస మీదే ఉదయించి దాని మీదే అస్తమిస్తాడు, ఎవరు పేర్చారో తెలియదు. అసలైన ప్రెయిరీ అంటే అది.

మేకులు_సుత్తి

తమ్ముడూ, కాదని ఎవరన్నారు. కానీ పిల్లాడికి ఈత కావాలంటున్నారు కదా. అక్కడ ఉన్న చిన్న సరస్సు 2014 వరదల్లో ఆనకట్ట తెగి పోయింది, మళ్లీ కట్టలేదు. పైగా నాలుగు గంటల దారి దాకా అవుతుంది, చిన్నపాపకి కారు పడదు. బైసన్లే చూడాలంటే మాన్‌కాటో ఊరి పక్కన మినియోపా పార్కులో ఉన్నాయి, 2015లో తెచ్చారు, కార్లోంచి దిగకుండా చూడొచ్చు, ఒక ఆదివారం పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావొచ్చు. దానికోసం టెంట్ మొయ్యక్కర్లేదు.

కర్నూలు_టు_ఫార్గో

నేను నార్త్ డకోటా వైపు చదువుకుని ఇప్పుడు మిన్నియాపోలిస్‌లో ఉంటున్నా. సరస్సుల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అందరూ "లేక్" అనగానే అన్నీ ఒకటే అనుకుంటారు. మిన్నెసోటాలో పదెకరాలు దాటిన సరస్సులే 11,842 ఉన్నాయి, అందులో ఈతకి పనికొచ్చేవి వేరు, చూడ్డానికి మాత్రమే బాగుండేవి వేరు.

నైరుతి వైపు, మొక్కజొన్న, సోయా పొలాల మధ్య ఉండే సరస్సులు చాలా వరకు పళ్లెంలా లోతు లేకుండా ఉంటాయి. పొలాల్లో వేసిన ఎరువు వానకి కొట్టుకొచ్చి అందులో చేరుతుంది, జూలై ఆగస్టుల్లో నీళ్లు వెచ్చబడగానే పచ్చగా నాచు కడుతుంది. దూరం నుంచి చూస్తే ఎవరో పచ్చ పెయింటు డబ్బా ఒలకబోసినట్టు ఉంటుంది, దగ్గరికెళ్తే కుళ్లిన కూరగాయల వాసన. బ్లూ గ్రీన్ ఆల్గే అంటారు, అందులో విషం ఉండే రకాలున్నాయి, కుక్కలు ఆ నీళ్లు తాగి చచ్చిపోయిన సందర్భాలున్నాయి. చూసి విషం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు, కాబట్టి అనుమానం వస్తే దిగకపోవడమే.

గ్లేషియల్ లేక్స్ కథ వేరు. మంచుయుగం చివర్లో హిమానీనదం కరిగి వెనక్కి పోతూ కంకర, ఇసుక కుప్పలు పోసి పోయింది, ఇప్పుడు ఆ పార్కులో కనిపించే గుండ్రటి గుట్టలన్నీ అవే. ఆ కంకరలో పూడుకుపోయిన పెద్ద పెద్ద మంచు దిబ్బలు తర్వాత కరిగి గుంటలయ్యాయి, ఆ గుంటలే సరస్సులు. పార్కు మధ్యలో ఉన్న మౌంటెన్ లేక్ 56 ఎకరాలే, చిన్నదే, కానీ దానికి నీళ్లు వచ్చే వాలు దాదాపు మొత్తం పార్కు లోపలే ఉంది, అంటే పొలాల ఎరువు చేరే దారి తక్కువ. అందుకే ఆగస్టులో కూడా నీళ్లు తేటగా ఉంటాయి. పిల్లాడి ఈత కోసం అయితే నేను కళ్లు మూసుకుని దాన్నే చెప్తా.

ఏ సరస్సయినా సరే, పిల్లలు బయటికి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడవండి, "ఎండలో ఆరిపోతుందిలే" అని వదలకండి. స్విమ్మర్స్ ఇచ్ అని ఒకటుంది, నత్తల్లోంచి వచ్చే సూక్ష్మమైన పురుగు పిల్లలు చర్మంలోకి దూరడానికి చూస్తాయి. ప్రమాదం లేదు, కానీ ఎర్రటి దద్దుర్లు, రెండు మూడు రోజులు ఒకటే గోకుడు. మా మేనల్లుడు కాళ్లు గోక్కుంటూ రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

ఇంకోటి, మామయ్య గారికి చెప్పండి. మిన్నెసోటాలో ఒకప్పుడు కోటీ ఎనభై లక్షల ఎకరాల ప్రెయిరీ ఉండేది, ఇప్పుడు ఒక్క శాతం కంటే కాస్త ఎక్కువ మిగిలింది, మిగతాదంతా నాగలి కిందికి పోయింది. నాది నందికొట్కూరు వైపు, రోళ్లపాడు బీళ్లలో బట్టమేక పిట్ట కోసం తిరిగిన వాణ్ణి, అందుకని ఇక్కడి గడ్డి చూస్తే నాకు ఊరు గుర్తొస్తుంది. ఇక్కడ ప్రెయిరీ చికెన్ అనే పక్షి ఉంది, దాని పుంజులు ఒక చోట చేరి బట్టమేకలాగే గొంతు ఉబ్బించి ఆడతాయి, ఏప్రిల్‌లో, తెల్లవారకముందే. రోత్సే అనే ఊళ్లో హైవే పక్కన దాని బొమ్మ పెట్టారు, ఏనుగంత ఉంటుంది. అది వేరే ట్రిప్పు, ఇప్పుడు మీకు కాదు.

తెనాలి_కోడలు

అబ్బ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. థాంక్యూ అండీ అందరికీ. మామయ్య గారికి బట్టమేక సంగతి ఫోన్లో చెప్తే "మన వైపూ ఉండేవంటారు, నేనైతే చూళ్లేదు" అన్నారు.

గ్లేషియల్ లేక్స్ వైపే మనసు పోతోంది. రెండున్నర గంటల దారి చూపిస్తోంది, చిన్నది తట్టుకుంటుంది. ఇప్పుడు టెన్షన్ అంతా అత్తయ్య గారి గురించే. టాయిలెట్లు ఎలా ఉంటాయి? నేల మీద పడుకోలేరు. అన్నం లేకుండా రెండు పూటలు గడవదు. ఇంకా పురుగులు, దోమలు. ఏ నెల అన్నది ఎవరూ చెప్పలేదు. పాత లిస్టులో ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్ మీద కూడా ఎవరూ మాట్లాడలేదు, మా ఆయన అడగమంటున్నారు.

చెంబు_మర్చిపోకండి

మీ ఆయనకి నేను చెప్తాను. అలాంటి "లేక్ వ్యూ, పూల్, వైఫై" చోటికి రెండేళ్ల క్రితం మేం వెళ్లాం. లేక్ ఉంది, నిజమే, కానీ మా సైటుకీ లేక్‌కీ మధ్య నాలుగు వరసల ఆర్వీలు, అదే, ఇల్లులాంటి బళ్లు. ఒక్కోటి బస్సంత. వాటి అద్దాల్లో సరస్సు కనబడిందేమో, మాకైతే కనబడలేదు. జెనరేటర్ల చప్పుడు, పక్కవాళ్ల టీవీలో బేస్‌బాల్ కామెంటరీ టెంట్‌లోకి వినబడుతోంది. పిల్లలు పూల్‌లో ఆనందంగా ఉన్నారు, అది ఒప్పుకుంటా. అన్ని ప్రైవేటువీ అలాగే ఉంటాయని కాదు, కానీ బుక్ చేసే ముందు సైటు మ్యాపు పంపమని అడగండి, పంపకపోతే వదిలేయండి.

ఇక అత్తయ్య గారి సంగతి. నేను మా అమ్మని మూడుసార్లు తీసుకెళ్లాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. మ్యాపులో రెండు రకాల టాయిలెట్ గుర్తులుంటాయి. ఒకటి ఫ్లష్, షవర్లున్న బిల్డింగు, అది శుభ్రంగానే ఉంటుంది, రెస్ట్ ఏరియాల్లాగా. రెండోది వాల్ట్ టాయిలెట్, కింద గొయ్యి, నీళ్లుండవు, ఎండాకాలం మధ్యాహ్నం అందులోకి వెళ్లాలంటే ఊపిరి బిగబట్టాలి. షవర్ బిల్డింగుకి రెండు నిమిషాల నడకలో ఉండే సైటు తీసుకోండి, అంతే. చెంబు తీసుకెళ్లండి, మొదటిసారి మేం మర్చిపోయి పాల డబ్బా కోసి వాడాం. రాత్రికి తలకి పెట్టుకునే లైటు అత్తయ్య గారికి ఒకటి విడిగా కొనండి, చేతిలో టార్చ్ పట్టుకుని చెంబు పట్టుకుని తలుపు తీయడం ఆ వయసులో కష్టం.

పడుకోవడానికి క్యాంపర్ క్యాబిన్ దొరికితే అదృష్టం, చెక్క ఇల్లు, బంకు మంచాలు, తాళం. బాత్రూం లోపల ఉండదు, పరుపు మీద దుప్పట్లు మనవే, లోపల వంట చెయ్యకూడదు. కానీ అవి పార్కుకి కొన్నే ఉంటాయి, తెరిచిన నిమిషాల్లో పోతాయి. దొరక్కపోతే మడత మంచం. గాలి పరుపు వద్దు, దాని మీంచి లేవడం మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి నేల మీంచి లేవడం కంటే కష్టం, మా అమ్మ ఒకసారి దొర్లి కింద పడి నవ్వాగక ఇంకా లేవలేకపోయింది.

అన్నం సంగతి చాలా సులువు. కరెంటు ఉన్న సైటు తీసుకుంటే రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చు. ఇక్కడ ఒక చిక్కు, కరెంటు సైట్లలోకే ఆర్వీలు వస్తాయి, నిశ్శబ్దం తగ్గుతుంది. మీరు రెండు సైట్లు తీసుకుంటున్నారు కదా, ఒకటి కరెంటుది, ఒకటి లేనిది పక్కపక్కన దొరుకుతాయేమో చూడండి, వంట ఒకచోట, నిద్ర ఇంకోచోట. మొదటి రోజుకి పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే. ఆవకాయ సీసా మూత గట్టిగా పెట్టండి. ఆ రాత్రి తిండి ఏదీ బయట ఉంచకండి, టెంట్‌లో కూడా ఉంచకండి, అన్నీ కార్లో పెట్టి తలుపు వేయండి. మేం జంతికల డబ్బా బల్ల మీద వదిలేసి పడుకుంటే రకూన్లు వచ్చాయి. పొద్దున చూస్తే మూత తిప్పి తీసి పక్కన పెట్టి ఉంది, విసిరేసి కాదు, పక్కన పెట్టి! జంతికలు ఒక్కటి లేదు, సున్నుండల డబ్బా మాత్రం ముట్టలేదు, దాని మూత నాకే రాదు.

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లకండి. యాష్ చెట్లని చంపే పచ్చపురుగు ఒకటి 2009లో ఈ రాష్ట్రంలో బయటపడింది, కట్టెల్లో దాగి ఊళ్లు మారుతుంది, అందుకని పార్కులోనే కొనాలి లేదా ముద్ర వేసిన కట్టలు తేవాలి. అక్కడ పడి ఉన్న పుల్లలు ఏరకూడదు, ఇది పెద్దవాళ్లకి ముందే చెప్పండి, మా నాన్న అలవాటుగా ఒక మోపు ఏరి తెచ్చేశారు.

పిడుదులు ఉంటాయి, ఊళ్లో గేదెలకి పట్టేవే, ఇక్కడ మనుషులకీ పడతాయి. మే, జూన్‌లలో గడ్డిలో నడిస్తే ఖాయం. లేత రంగు ప్యాంటు, దాన్ని సాక్సులోకి దోపడం, సాయంత్రం పిల్లల చెవుల వెనక, జుట్టు మొదట్లో, మోకాళ్ల వెనక వెతకడం. కనబడితే కిరోసిన్, అగ్గిపుల్ల లాంటి వైద్యాలు వద్దు, సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగడమే. జింక పిడుదు అనే చిన్నరకం లైమ్ జబ్బు తెస్తుంది, తర్వాత దద్దురు, జ్వరం వస్తే డాక్టరుకి చూపించాలి. దోమలు జూన్, జూలై మొదట్లో మరీ ఎక్కువ.

మేకులు_సుత్తి

నెల నేను చెప్తా. ఆగస్టు మధ్య. దోమలు తగ్గుతాయి, బిగ్ బ్లూస్టెమ్ గడ్డి మనిషెత్తు పెరిగి ఊదారంగు తిరుగుతుంది, మామయ్య గారు అడిగింది అదే. ఈసారి 12న అమావాస్య, ఉల్కలు రాలే రోజులూ అవే, ఆగస్టు 14 శుక్రవారం వెళ్తే చంద్రుడు త్వరగా దిగిపోతాడు, మైదానంలో ఆకాశం అంచు నుంచి అంచు దాకా కనిపిస్తుంది. స్టేట్ పార్కుల బుకింగ్ 120 రోజుల ముందు పొద్దున 8కి తెరుచుకుంటుంది, 14కి లెక్కేస్తే ఏప్రిల్ 16. మీ ఇద్దరూ రెండు కంప్యూటర్ల ముందు 7:55కే కూర్చోండి, ఒకరు క్యాబిన్, ఒకరు సైట్లు. ముందే నాలుగు నంబర్లు రాసిపెట్టుకోండి, అప్పుడు ఆలోచిస్తే పోతాయి. కార్లకి పర్మిట్ వేరే, ఏడాదిది తీసుకోండి, నేను తీసుకున్నప్పుడు 35 డాలర్లు.

రాత్రి పది దాటితే నిశ్శబ్దం, ఇది సరదాకి రాసిన రూలు కాదు. స్పీకర్లో పాటలు వద్దు. మనవాళ్లు పది మంది చేరితే మాటలే స్పీకర్ అవుతాయి, అనుభవంతో చెప్తున్నా.

బద్ధకం_బాబాయ్

ఇంత కష్టం ఎందుకమ్మా, గ్లెన్‌వుడ్‌లో హోటల్ తీసుకుని పగలంతా పార్కులో తిరిగి రాత్రి ఏసీలో పడుకోండి. మిన్నెవాస్కా సరస్సు కూడా అక్కడే. నేనైతే అదే చేస్తా.

చెంబు_మర్చిపోకండి

బాబాయ్ గారూ, ఆకాశం చూడ్డానికి రాత్రి పదకొండింటికి హోటల్ నుంచి ఎవరొస్తారు? పార్కులో రాత్రి పది తర్వాత క్యాంప్ చేసేవాళ్లకే చోటు. అయినా అత్తయ్య గారికి నిజంగా కుదరకపోతే ముందుజాగ్రత్తగా హోటల్ పేరు ఒకటి ఫోన్లో పెట్టుకోవడంలో తప్పు లేదు. ఉరుముల వాన హెచ్చరిక వస్తే మాత్రం టెంట్‌లో కూర్చోకండి, అందరూ షవర్ బిల్డింగుకి నడవండి.

తెనాలి_కోడలు

అప్‌డేట్. ఈరోజు ఏప్రిల్ 16. ఎనిమిది కొట్టగానే మా ఆయన క్యాబిన్ మీద నొక్కారు, 8:01కి "అందుబాటులో లేదు" అని వచ్చింది. ఆ ఒక్క నిమిషంలో ఆయన కాఫీ కప్పు పెట్టడానికి చోటు చూశారు, ఈ విషయం మా ఇంట్లో ఇంకా పదేళ్లు నడుస్తుంది. సైట్లు మాత్రం దొరికాయి, కరెంటుది ఒకటి, దాని పక్కనే కరెంటు లేనిది ఒకటి, రెండింటికీ పడమట ఓక్ చెట్లు, షవర్ బిల్డింగుకి మూడు సైట్ల దూరం. మేకులు గారూ, మీరు చెప్పినట్టే నాలుగు నంబర్లు రాసిపెట్టుకున్నా, దొరికింది మూడోది.

అత్తయ్య గారికి ఫోన్ చేసి చెప్పాను. ముందు "అడవిలో పడుకోవడమేంటే" అన్నారు. తర్వాత పంచాంగం చూసి మళ్లీ ఫోన్ చేశారు, ఆ 14 మొదటి శ్రావణ శుక్రవారమట, ఇల్లు వదిలి ఎలా వస్తామన్నారు. చెక్-ఇన్ సాయంత్రం నాలుగింటికి అత్తయ్యా, పొద్దున పూజ చేసుకుని, నైవేద్యం పులిహోరే దారిలో తింటూ వెళ్దాం అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "శనగలు కూడా నానబోస్తా, అక్కడ పిల్లలు తింటారు" అన్నారు. మామయ్య గారు వెనక నుంచి "గడ్డి ఎంత ఎత్తుంటుందో అడుగు" అంటున్నారు.

ఇప్పుడు మడత మంచం కొనాలి. బరువు ఎంత మోసేది తీసుకోవాలి, నేల నుంచి ఎంత ఎత్తు ఉంటే మోకాళ్లకి మంచిది, ఎవరైనా చెప్తారా?

చెంబు_మర్చిపోకండి

కొనకండి. కుర్చీ ఎత్తు ఉండాలి, పద్దెనిమిది అంగుళాలకి తగ్గితే లేవలేరు. అమ్మ కోసం కొన్నది మా గరాజ్‌లో ఖాళీగా ఉంది, మ్యాపుల్ గ్రోవ్ గుడికి ఏ శనివారం వస్తారో చెప్తే తెచ్చిస్తా. సున్నుండల డబ్బా కూడా ఇస్తా, మూత మీ ఆయనకి వస్తుందేమో చూడండి.